యుద్ధము ముగిసిన మఱునాడు

గడచిన వేసవిలో అద్దంకియందు మా బంధువుల యింట జరిగిన చిన్న ముచ్చట నొకదానిని ముందుగా మీ యెదుట నుంచుచున్నాము. ఎండలకు బడులు మూసియుండెను. కల్లమునుండి తెచ్చి వసారాలో కుప్పవోసిన మిరపకాయల ఘాటు ఇల్లంతయు వ్యాపించియుండెను. పిల్లలందఱును టెలివిజను ముందు చేరి, 2024వ సంవత్సరము జూను నెలలో విడుదలయైన 'కల్కి 2898 ఏడీ' యను చలనచిత్రమును చూచి ముగించి, ఏ వీరుడు గొప్పవాడు, ఏ యాయుధము బలమైనది యని కేకలతో వాదించుకొనుచుండిరి. వారిలో పదేండ్ల బాలిక యొకతె తన అమ్మమ్మ చెంతకు వచ్చి, "అమ్మమ్మా! పైనున్న ఆ కాంప్లెక్సును పడగొట్టిన తరువాత అందులో నీళ్ళు కాశీలో వాళ్ళకు ఎవరు పంచిపెడతారు?" అని యడిగెను. మగపిల్లలు పకపక నవ్విరి. పెద్దవారొకరు, "సినిమా చూచి నీళ్ళ లెక్క అడుగుతావేమే!" అని ఎగతాళి చేసిరి. బాలిక చిన్నబోయి లోపలికి వెడలిపోయెను.

మేము ఆ నవ్వులో పాల్గొనలేదు. కాని ఆమె పక్షమున ఒక్క మాటయైనను ఆ సమయమున పలుకలేదు. ఆ లోపమును దిద్దుకొనుటకే ఇప్పుడు వ్రాయుచున్నాము. ఆ గదిలో యుద్ధమునుగూర్చి నిజముగా ఆలోచించినది ఆ బాలిక యొక్కతెయే. తక్కినవారందఱును బాణసంచాను చూచిరి; ఆమె యుద్ధమును చూచెను.

రాబోవు కాలపు యుద్ధములను కల్పించి చెప్పు విజ్ఞానకథలు మన యిండ్లలోనికి వచ్చినవి. ఇక మీదట మఱింత వచ్చును. వానిని మేము నిషేధింపగోరుటలేదు. వానికొక పరీక్షను మాత్రము పెట్టగోరుచున్నాము. గెలిచినవాడు ఆ గెలుపును దేనితో నిలుపుకొనును? ఓడినవాడు మఱునాడేమగును? పోరులో దిగక ప్రక్కన నిలిచి చూచుచుండిన మూడవవాడెవడు? ఈ మూడు ప్రశ్నలకును సమాధానము చెప్పగలిగిన కథయే యుద్ధకథ. చెప్పలేనిది ఎంత ధనము పోసి తీసినను, ఎంత వింతయంత్రమును చూపినను, దీపావళినాటి మతాబావంటిదే. పెండ్లినాటి సందడిని చూచి మురిసి పోవువాడు చుట్టము. పందిరి విప్పిన మఱునాడు అప్పుల పద్దు చూచుకొనువాడు ఇంటి యజమాని. మన కథకులు మనలను ఎంతకాలము చుట్టములుగానే ఉంచెదరు?

మనవారు చేసిన యత్నమును తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. 1991లో సింగీతము శ్రీనివాసరావుగారు 'ఆదిత్య 369' అను చిత్రమున కాలయంత్రమును కల్పించి, తెలుగువారిని కృష్ణదేవరాయల కొలువునకును, పిమ్మట 2504వ సంవత్సరమునకును కొనిపోయిరి. అక్కడ మూడవ ప్రపంచయుద్ధమువలన నేలపై అణువిషము వ్యాపింపగా మానవులు భూగర్భమున బ్రదుకుచుందురు. యుద్ధానంతర దశను తెలుగు ప్రేక్షకులకు అంత తేటగా చూపిన వినోదచిత్రము మఱియొకటి మాకు తోచుటలేదు. నాగ్ అశ్విన్‌గారి 'కల్కి'యందును మెచ్చదగిన భాగము కలదు. క్రింద ఎండి మాడు కాశి, మీద సర్వసంపదలను పీల్చుకొనియున్న కాంప్లెక్సు, ఎక్కడనో దాగియున్న శంబల యని మూడు శక్తులను అందు నిలిపిరి. మూడు శక్తులున్నచోట యుద్ధనీతి పుట్టుట సహజము. ఎవరు ఎవరితో కూడుదురు? ఎవరి భయము ఎవరికి బలము? కాంప్లెక్సులో చోటు దొరకునేమోయని ఆశపడు కాశీవాసి తిరుగుబాటునకు ఏల తోడ్పడును? అచ్చటనే కథ ఆలోచనను విడిచి, విల్లునందుకొన్నది. సమస్య రాజ్యముది, పరిష్కారము భుజబలముది. కథ రెండవ భాగమునకు వాయిదాపడినది గావున, ఆ బాలిక ప్రశ్నకు అందైనను సమాధానము చోటుచేసికొనునేమో చూతముగాక.

ఇంతకును ఆ చిత్రము ఆధారముగా గైకొన్న భారతము ఈ విషయమున మనకేమి నేర్పినది? పదునెనిమిది పర్వములలో భీష్మపర్వము మొదలు సౌప్తికము వఱకు ఐదు పర్వములు పోరునకు చెల్లినవి. స్త్రీపర్వము మొదలు స్వర్గారోహణము వఱకు ఎనిమిది పర్వములు పోరు ముగిసిన తరువాతి కథ. అనగా మన పూర్వులు యుద్ధమునకంటె యుద్ధానంతరమునకే ఎక్కువ పర్వములను కేటాయించిరి. గెలిచిన ధర్మరాజు సింహాసనమెక్కుటకు బదులు ఏడ్చెను. రాజ్యమెట్లు నడపవలెనో భీష్ముని యడిగి నేర్చుకొనవలసివచ్చెను. ముప్పదియాఱేండ్ల తరువాత, యుద్ధమును గెలిపించిన కృష్ణుని కులమే తమలో తాము కొట్టుకొని నశించెను.

అశ్వత్థామ కథయైతే మఱింత గట్టి పాఠము. యుద్ధము గెలిచితిమని పాండవపక్షమువారు నిదురించిన రాత్రియే, ఓడినవారిలో మిగిలిన ముగ్గురు శిబిరముపై బడి, ద్రౌపది కుమారులను చంపిరి. ఓడినవానికి మఱునాడు ఏ త్రోవయు చూపని గెలుపు గెలుపు కాదని దీని యర్థము. పిమ్మట అశ్వత్థామయు అర్జునుడును మహాస్త్రములను ప్రయోగించిరి. వ్యాసనారదులు నడుమ నిలిచి వారింపగా, అర్జునుడు తన యస్త్రమును మరల్చుకొనెను. అశ్వత్థామకు మరల్చుట తెలియదు. ఆ యస్త్రము కడకు గర్భస్థశిశువుపై బడినది. ప్రయోగించుట నేర్చి మరల్చుట నేర్వనివాని చేతియాయుధము పుట్టని బిడ్డలను చంపునని ఇంతకంటె స్పష్టముగా చెప్పగలవారెవరు? మన చిత్రములు ఆ యస్త్రమును తీసికొన్నవి, ఆ గాయమును తీసికొన్నవి. ఆ నీతిని మాత్రము విడిచిపెట్టినవి.

"అది పురాణము, విజ్ఞానకథ వేఱు" అందురేమో. పాశ్చాత్యదేశములలో ఈ జాతి కథను పెంచినవారు ఏమి చేసిరో చూడుడు. ఆంగ్లరచయిత హెచ్.జి. వెల్స్ 1914లో ప్రకటించిన 'ది వరల్డ్ సెట్ ఫ్రీ' యను నవలలో, విమానములనుండి జాఱవిడుచు పరమాణు బాంబులను ఊహించెను. అప్పటికి అట్టి ఆయుధము లోకమున లేదు. కాని ఆయన ఆ ప్రేలుడుతో కథను ముగింపలేదు. నగరములు మండిపోయిన పిమ్మట దేశాధినేతలు ఒక కొండచోట కూడి ఒకే ప్రపంచప్రభుత్వమును ఏర్పఱుచుకొనుటయు, బాల్కను దేశపు రాజొకడు మాత్రము బాంబులను రహస్యముగా దాచియుంచి మోసగింప యత్నించుటయు వ్రాసెను. ఒడంబడికకు పగవాడు బయటివాడు కాడు, సంతకము చేసినవారిలోనే యుండునని ఆయన గ్రహించెను. లియో సిలార్డ్ అను భౌతికశాస్త్రవేత్త 1932లో ఆ నవలను చదివెను. మఱుసటి యేటనే పరమాణువుల గొలుసుచర్య యను భావము ఆయనకు స్ఫురించెను. కథ లోకమును కదలింపలేదనువారికి ఇది సమాధానము.

అమెరికా రచయిత హైన్‌లైన్ 1941లో, అణుధూళి యను ఆయుధముతో యుద్ధము నొక్క దెబ్బతో ముగించిన దేశముయొక్క కథను వ్రాసెను. ఆ ఆయుధమును నేడు మనము చేసినచో, రేపు ఇతరులును చేయుదురు గదా! అప్పుడేమి చేయవలెను? లోకమునంతటిని కావలికాయు సేన నొకటి పెట్టిరి. ఆ సేనను ఎవరు కావలికాయవలెనను ప్రశ్న మిగిలిపోయెను. ఆయన ఆ కథకు పెట్టిన పేరునకు తృప్తినీయని పరిష్కారము అని యర్థము. నిజజీవితమున ఏమి జరిగినది? 1945లో అమెరికా పరమాణు బాంబును ప్రయోగించెను. 1949 ఆగస్టులో సోవియట్ రష్యా తన బాంబును పరీక్షించెను. నాలుగేండ్లు మాత్రమే నిలిచిన ఏకైకాధిపత్యమది. బాంబు పడకమునుపే కథకుడు ఆ లెక్కను వేసియుండెను.

ఐజాక్ అసిమోవ్ 1942లో పత్రికలో ప్రారంభించిన 'ఫౌండేషన్' కథలలో గొప్ప సామ్రాజ్యమొకటి కూలుచుండగా, దాని యంచున లోహములు లేని, సేనలు లేని చిన్న లోకమొకటి కలదు. దాని చుట్టును నాలుగు క్రొత్త రాజ్యములు లేచినవి. వానిలో బలమైనది దానిని మ్రింగజూచెను. ఆ లోకపు పాలకుడు కత్తి దూయలేదు. తక్కిన మూడు రాజ్యములకును పోయి, "మా యొద్దనున్న పరమాణువిద్య వానికి చిక్కినచో మీరేమగుదురు?" అని యడిగెను. ఆ మూడును కూడి బెదిరింపగా మొదటి రాజ్యము వెనుకకు తగ్గెను. ఒక్క తూటాయైనను పేలని యుద్ధకథ అది. అయినను దానిని చదువువాడు పుస్తకమును క్రింద పెట్టలేడు.

సామ్రాజ్యము కూలుట, అంచున చిన్నరాజ్యములు లేచుట, వాని నడుమ తూనిక నిలుపుకొనుట అమెరికా రచయిత ఊహించి వ్రాసెను. మన అద్దంకి దానిని అనుభవించినది. ఈ మాట అతిశయోక్తి కాదు.

అద్దంకి పేరు చెప్పగానే మనవారు పండరంగని శాసనమును తలచుకొందురు. క్రీ.శ. 848 ప్రాంతమునాటి ఆ తరువోజ, గుణగ విజయాదిత్యుని సేనాని పండ్రెండు బోయకొట్టములను గెలిచి, కట్టెపు దుర్గమును కూల్చి, కందుకూరును బెజవాడకు సాటిగా చేసెనని చెప్పును. తెలుగు పద్యమునకు అది తొలి సాక్ష్యములలో నొకటి గావున మనకు గర్వకారణము. కాని ఆ శాసనము విజయముతో ఆగదు. ఆదిత్యదేవునకు ఇచ్చిన భూమిని నమోదు చేయును. నిజమునకు ఆ భూమిని నమోదు చేయుటకే ఆ ఱాయి నిలిచినది. మనము పద్యమును నోటబట్టి, భూమిని మఱచితిమి.

అటుపిమ్మట 1323లో ఢిల్లీ సేనలకు ఓరుగల్లు లొంగి, కాకతీయ సామ్రాజ్యము కూలెను. 1325 ప్రాంతమున ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రాజ్యమును స్థాపించెను. కొలదికాలములోనే ఓరుగల్లున ముసునూరి కాపయనాయకుడును, రాచకొండయందు రేచర్ల వెలమలును, దక్షిణమున 1336 నుండి విజయనగరమును, పశ్చిమమున 1347 నుండి బహమనీ సుల్తానులును, ఉత్తరమున కళింగపు గాంగులును నిలిచిరి. గుండ్లకమ్మ యొడ్డునున్న ఈ పట్టణము ఇందఱి నడుమ బ్రదుకవలసివచ్చెను.

వేమారెడ్డి యోధుడు కాడనుటకు వీలులేదు. కాని ఆయన పేరు నిలిపినవి ఏవి? చెడిపోయిన అగ్రహారములను తిరిగి నిలుపుట, శ్రీశైల అహోబిల క్షేత్రములకు మెట్లు కట్టించుట, ఎఱ్ఱాప్రగడను కొలువున నిలిపి సాహిత్యమును పోషించుట. ఇవన్నియు యుద్ధానంతర కార్యములు. బాట తెగిన దేశములో బాటను, మాట తెగిన దేశములో మాటను కలుపుటయే రాజ్యమును కట్టుటయని ఆయన యెఱుగును.

ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. 1358లో మోటుపల్లి రేవునందు ఆయన వేయించిన శాసనము మా దృష్టిలో ఏ విజయస్తంభమునకును తీసిపోదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు అదే రేవున సముద్రవర్తకులకు అభయమిచ్చియుండెను. ఓడ పగిలినచో సరకును దోచుకొను పాతవాడుకను మాన్పించియుండెను. నూఱేండ్లకు పైబడి, రాజవంశమే మారిన పిమ్మట, అనవోతారెడ్డి ఆ రేవునకు వర్తకులను మరల ఆహ్వానించి, సుంకములను తగ్గించి, వారి సొత్తునకు రక్షణ చెప్పెను. కూలిన రాజ్యముయొక్క మంచి మాటను క్రొత్త రాజ్యము తన మాటగా నిలుపుకొనుట కంటె యుద్ధానంతర నీతి వేఱుండునా?

ఇందుకు విపరీతమైన పాఠమును కాపయనాయకుని చరిత్ర చెప్పును. ఓరుగల్లును ఢిల్లీనుండి విడిపించిన వీరుడాయన. ఢిల్లీని బలహీనపఱుచుటకై దక్కను అమీరుల తిరుగుబాటునకు ఆయన తోడ్పడెను. ఆ తిరుగుబాటునుండియే బహమనీరాజ్యము పుట్టెను. దూరపు పగవాడు పోయి, ప్రక్కింటి పగవాడు వచ్చెను. ఆ క్రొత్త పొరుగువారికి ముందు కౌలాసమును, తరువాత గోలకొండను ఆయన విడువవలసివచ్చెను. కడకు 1368 ప్రాంతమున రేచర్లవారితో జరిగిన పోరులో ఆయన మడిసెను; చంపినవాడు ఢిల్లీవాడును కాడు, బహమనీయుడును కాడు, తెలుగువాడే. కాపయకు శౌర్యము కొఱతపడలేదు. నేటి పగవాడు పడిన పిమ్మట వాని చోటులో ఎవడు నిలుచునను ప్రశ్నయే కొఱతపడినది. అటుపై రెడ్లును వెలమలును తరతరములుగా పోరాడుకొనిరి. పదునైదవ శతాబ్దములో ఆ రెండు రాజ్యములును లేకుండపోయినవి. విజయనగరమును, గజపతులును, బహమనీలును వానిని పంచుకొనిరి.

ఇంతటి కథావస్తువు మన కాళ్ళక్రింద నుండగా, భావియుద్ధమును వ్రాయు తెలుగు రచయిత మెఱయు కత్తులకొఱకు ఏల వెదకవలెను? అద్దంకిని అంతరిక్షమునకు తీసికొనిపొండు. మోటుపల్లిని చంద్రమండలపు రేవుగా చేయుడు. కాపయను గ్రహాంతర సేనానిగా మార్చుడు. తూనిక మాత్రము తప్పనీయకుడు.

మా మాటకు కొన్ని ఆక్షేపణలు రాగలవు. మొదటిది: వినోదముకొఱకు చూచు కథకు ఈ లెక్కలు భారమని. పిల్లలకు లెక్కలు భారమనుట పెద్దల యూహ. లెక్క యడిగినది పదేండ్ల పిల్ల, నవ్వినది పెద్దవారు. రెండవది: యుద్ధానంతరమును తలచుకొన్న సైనికుని ధైర్యము సడలునని. వేమారెడ్డి ధైర్యము సడలెనా? ఏ ఫలముకొఱకు ప్రాణమొడ్డుచున్నాడో తెలిసినవాడే నిలిచి పోరాడును. జో హాల్డ్‌మన్ వియత్నాము యుద్ధమున పోరాడి గాయపడిన సైనికుడు. 1974లో ఆయన వ్రాసిన 'ది ఫరెవర్ వార్' నవలలో అంతరిక్షపు పోరునుండి ఇల్లు చేరిన సైనికునకు శతాబ్దములు గడచి, ఇల్లే పరాయిదగును. యుద్ధమును చూచినవాడే మఱునాటిని వ్రాసెను. చూడనివారు ధైర్యమునుగూర్చి ఉపన్యసించుచున్నారు. మూడవది: ఇవి మహారాజ్యముల విషయములు, అద్దంకివంటి ఊళ్ళకు వీనితో నేమి పనియని. మహారాజ్యములు పోరునప్పుడు మొదట నలుగునది చిన్న యూరే గావున, ఈ లెక్క తెలియుట మొదట చిన్న యూరికే అవసరము.

ఇది కథలతో ముగియు విషయము కాదు. 2025వ సంవత్సరము మే నెలలో భారత పాకిస్తానుల నడుమ నాలుగు దినములు పోరు జరిగినప్పుడు, దేశమందలి కొన్ని వార్తావాహినులు కరాచీ రేవు ధ్వంసమైనదని ప్రకటించినవి. అది నిజము కాదని పిమ్మట తేలెను. రెండు దేశములయొద్దను అణ్వస్త్రములున్న విషయమును మఱచి, మన యిండ్లలో ఎందఱు ఆ వార్తకు చప్పట్లు చఱచిరి! ఇట్టి శ్రోతలు ఒక్క రాత్రిలో తయారుకాలేదు. ప్రేలుడుతో కథ ముగియునని బాల్యమునుండి వెండితెఱ నేర్పినందున తయారైరి. "మఱునాడేమి?" అని యడుగుట అలవాటైన ఇంటిలో అబద్ధపు గెలుపు నిలువదు.

కావున గృహస్థులను మేము కోరునది స్వల్పము. మీ పిల్లలతో యుద్ధచిత్రమును చూచిన రాత్రి, దీపమార్పకమునుపు వారిని మూడు ప్రశ్నలడుగుడు: గెలుపును దేనితో నిలుపుదురు? ఓడినవారేమగుదురు? మూడవవాడెవడు? ఉపాధ్యాయులను కోరునది: ఓరుగల్లు పతనము 1323 అని సంవత్సరము నొప్పజెప్పించి ఊరకుండక, 1324లో నీవు అద్దంకియందుండినచో ఎవరితో సంధి చేసికొందువని విద్యార్థి నడుగుడు. రచయితలను, చిత్రనిర్మాతలను కోరునది: మీ యంత్రములను మేము వలదనము, కాని పడగొట్టిన కోటలోని నీరు ఎవరికి చేరునో వ్రాయక మీ కథను ముగింపకుడు.

తల్లులను కోరునది వేఱుగా కలదు. ఇంటిలో నీళ్ళు ఎన్ని బిందెలు, బియ్యము ఎన్ని దినములకు వచ్చును అను లెక్క ఇన్నాళ్ళును ఆడవారి పాలబడినది. అందుచేత ఆ ప్రశ్న ఆడపిల్ల నోట వచ్చినప్పుడు అది వంటింటి ప్రశ్నయని మగవారు నవ్వుదురు. అది వంటింటి ప్రశ్న కాదు. మోటుపల్లి ఱాయి చెప్పునట్లు అది రాజ్యతంత్రము. ఆ నవ్వును మీ యింట వినబడనీయకుడు.

ఆ బాలికకు మేము ఆనాడు చెప్పియుండవలసిన మాటను ఈనాడు చెప్పుచున్నాము: అమ్మాయీ, నీ ప్రశ్నకు ఆ చిత్రములో సమాధానము లేదు. పెద్దవారమైన మా యొద్దను సిద్ధముగా లేదు. కాని దానిని అడుగుట మానకుము. నీవు పెద్దదానవై కథ వ్రాసిననాడు, అది యుద్ధము ముగిసిన మఱునాటి తెల్లవాఱుజామున, నీళ్ళ బానయొద్ద ఆరంభమగుగాక.